ఏ రకం పెళ్లి ఫొటోలు మీకు నప్పుతాయి? ముందు ముహూర్తం చెప్పండి

“క్యాండిడ్ బాగుంటుందా అండి, ట్రెడిషనల్ బాగుంటుందా?” అడ్వాన్స్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చోగానే అడిగే మాట ఇదే. తర్వాత ఫోన్ తీసి, దాచుకున్న రీల్స్ చూపిస్తారు. అవి రాజస్థాన్ కోటలోనో గోవా ఒడ్డునో తీసినవి. బాగుంటాయి, నాకూ నచ్చుతాయి. కానీ జవాబు చెప్పే ముందు నేను మూడు సంగతులు అడుగుతాను. ముహూర్తం ఎన్నింటికి? పెళ్లి ఇంటి దగ్గరా, ఫంక్షన్ హాల్లోనా, గుళ్లోనా? మీ ఇద్దరిలో కెమెరా చూడగానే బిగుసుకుపోయేది ఎవరు?

రాజోలు, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ స్టైల్ తీసుకోవాలో సగం పైనే తేలిపోతుంది. రీల్స్ చూసి ఎంచుకున్నవాళ్లు, ఆల్బమ్ చేతికొచ్చాక ఉండాల్సింది ఏదో లేదని బాధపడటం చాలాసార్లు చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఏది ఏమిటి

ట్రెడిషనల్ అంటే నిలబెట్టి, కెమెరా వైపు చూడమని, ఫ్లాష్ వేసి తీసేది. ప్రతి తంతూ, ప్రతి బంధువూ వరసగా అందులోకి రావాలి. క్యాండిడ్ అంటే చెప్పకుండా, కాస్త దూరం నుంచి, మనిషిని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సో 70-200 లెన్సో పెట్టి మొహంలో భావం పట్టుకునేది. వెనకాలంతా మసకగా ఉండి, మనిషి ఒక్కరే స్పష్టంగా కనబడతారు.

డాక్యుమెంటరీ అని ఇంకోటి ఉంది. మనవైపు దీన్నీ క్యాండిడ్ అనే పిలుస్తారు కానీ తేడా పెద్దది. ఇందులో ఫొటోగ్రాఫర్ చుట్టూ ఉన్నదంతా వెడల్పుగా పట్టే 24 ఎంఎమ్మో 35 ఎంఎమ్మో లెన్సుతో జనం మధ్యలోనే నిలబడతాడు. పెళ్లికూతురితో పాటు పందిరి, అరుగు మీద ముసలాయన, గాడిపొయ్యి దగ్గర పొగ, పరిగెత్తే పిల్లలు అన్నీ ఒకే ఫొటోలో ఉంటాయి. ఇరవై ఏళ్లకి ఆ ఫొటో చూస్తే మన ఇల్లు అప్పుడెలా ఉండేదో తెలుస్తుంది.

ఇక పోర్ట్రెయిట్. బట్టలు, నగలు, వెలుతురు, చోటు అన్నీ అమర్చుకుని ఇద్దర్నీ నిలబెట్టి తీసేది. ప్రీ వెడ్డింగ్ షూట్లు చాలామటుకు ఇవే. సినిమాటిక్ అనేది ఫొటో రకం కాదు, వీడియో రకం. రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా చెబుతారు కాబట్టి గందరగోళం వస్తుంది.

నిలబెట్టి తీసే ఫొటోను తక్కువ చేయకండి

ఇప్పటి పిల్లలకు ట్రెడిషనల్ అంటే చిన్నచూపు. నేనూ ఒకప్పుడు అలాగే ఉండేవాణ్ణి. 2013లో మా చెల్లెలి పెళ్లి. క్యాండిడ్ మా ఊళ్లలోకి అప్పుడప్పుడే వస్తోంది. గ్రూప్ ఫొటోలే వద్దు, అన్నీ సహజంగా ఉండాలని నేనే పట్టుబట్టాను. నా స్నేహితులే తీశారు, చాలా బాగా తీశారు. తలంబ్రాలప్పుడు మా మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఫొటో ఇప్పటికీ నాకు ప్రాణం.

మూడేళ్లకు మామ్మ పోయింది. పెద్దకర్మ కార్డు మీద వేయడానికి, గోడకు పెట్టి దండ వేయడానికి ఒక ఫొటో ఇమ్మని నాన్నగారు అడిగారు. రెండు వేల పైచిలుకు ఫొటోలు వెతికాను. ఒకదాంట్లో మామ్మ పక్కకు తిరిగి ఉంది. ఇంకోదాంట్లో ఎవరి భుజమో అడ్డం వచ్చింది. ఆ నవ్వే ఫొటోలో సగం మొహం కొంగు వెనకే ఉంది. చివరికి ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయించాం. ఆ మసక ఫొటోయే ఇప్పటికీ మా హాల్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ రోజు పది నిమిషాలు ఆగి మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే బాగుండేదని అనుకుంటాను.

మనవైపు ఇళ్లలో గోడల మీదున్న పెద్దవాళ్ల ఫొటోలు గమనించండి. చాలామటుకు ఏదో ఒక పెళ్లిలో తీసినవే. పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, పూలు పెట్టుకుని వాళ్లు కెమెరా వైపు తిన్నగా చూసే సందర్భం పెళ్లి తప్ప ఇంకోటి పెద్దగా ఉండదు. అందుకే ఎవరు ఏ స్టైల్ అడిగినా నేను ఒప్పుకోని పని ఒకటే, గ్రూప్ ఫొటోలు పూర్తిగా ఎత్తేయడం. ఇరవై గ్రూపులనుకోండి, గ్రూపుకి రెండు నిమిషాలు. నలభై నిమిషాల్లో అయిపోతుంది. అయితే వాటిని భోజనాల తర్వాతకి వదిలేయకూడదు. పెద్దవాళ్లు అలసిపోతారు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం రేవు దాటాల్సినవాళ్లు పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఆగిపోతుందని ముందే లేచి వెళ్లిపోతారు. పెళ్లికూతురిని చేసిన రోజు సాయంత్రమో, ముహూర్తానికి రెండు గంటల ముందో ఆ పని ముగించేయాలి.

క్యాండిడ్ ఎక్కడ గెలుస్తుంది

మేనమామలు పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చే ఆ నాలుగు అడుగులు. కాశీయాత్రకు బయలుదేరిన పెళ్లికొడుకుని బావమరిది గొడుగు పట్టి వెనక్కి తీసుకురావడం. బిందెలో ఉంగరం కోసం చేతులు కలియబడటం. తలంబ్రాలు. అప్పగింతల్లో పాలలో ముంచిన కూతురి చేతులు అత్తామామల చేతుల్లో పెడుతుంటే తండ్రి మొహం. వీటిలో దేన్నీ నిలబెట్టి తీయలేం. “ఒక్కసారి ఇటు చూడండి” అంటే ఆ క్షణం చచ్చిపోతుంది. ఇక్కడ క్యాండిడ్, డాక్యుమెంటరీ తప్ప వేరే మాట లేదు.

క్యాండిడ్ అంటే చెప్పకుండా తీయడమే అనుకుంటారు. నిజానికి ఆ పనిలో ఎక్కువ భాగం తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసి ఉండటం. కొన్నేళ్ల కిందట భీమవరం దగ్గర ఒక పెళ్లికి బయట నగరం నుంచి ఖరీదైన టీమ్ వచ్చింది. నేను ట్రెడిషనల్ తీస్తున్నాను. తాళి కట్టడమే అసలు ఘట్టం అనుకుని వాళ్లు దానికోసం లెన్సులు సిద్ధం చేసుకుంటున్నారు. ఈలోగా అడ్డుతెర పట్టారు, పంతులుగారు సుముహూర్తం అన్నారు, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టేశారు. మన పద్ధతిలో ముహూర్త క్షణం అదే. తెర దించినప్పుడు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్న చూపు ఆ టీమ్ దగ్గర లేదు. వాళ్ల పనితనం తక్కువేమీ కాదు, మన తంతు వరస వాళ్లకు తెలియదు. బయటివాళ్లను పిలిస్తే తంతుల వరస కాగితం మీద రాసి ముందురోజే ఇవ్వండి. వీలైతే మీ పంతులుగారితో అయిదు నిమిషాలు మాట్లాడించండి.

ఇంకో సంగతి. మండపం చుట్టూ ఆరుగురు కెమెరాలతో నిలబడితే ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మకు వీపులే కనబడతాయి. ఎంతమంది వచ్చినా ముహూర్తం వేళ మండపం మీద ఇద్దరికి మించి ఉండకూడదని ముందే చెప్పండి. ఫొటో సరిగ్గా రాలేదని “మళ్లీ ఒకసారి కట్టండి” అనేవాళ్లు కూడా ఉన్నారు. మూడు ముళ్లు పడ్డాక మళ్లీ కట్టమనడం తప్పు. ఆ మాట అనే మనిషి ఎంత మంచి ఫొటోలు తీసినా వద్దు.

అర్ధరాత్రి ముహూర్తం, పగటి ముహూర్తం

రీల్స్‌లో మీకు నచ్చిన ఆ మెత్తటి వెలుతురు చాలావరకు సాయంత్రం ఎండది. మీ ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకైతే ఆ వెలుతురు ఎక్కడినుంచి వస్తుంది? స్టేజీ లైట్ల నుంచి రావాలి. ఫంక్షన్ హాళ్లలో ఊదా, నీలం ఎల్‌ఈడీలు వేస్తారు. మధుపర్కాలు తెల్లటివి కాబట్టి ఏ రంగు లైటు పడితే ఆ రంగులోకి మారిపోతాయి. పసుపు రాసిన మొహం బూడిద రంగులో కనబడుతుంది. ఎడిటింగ్‌లో సరిచేస్తారులే అనుకోవద్దు, ఊదా లైటులో పోయిన చర్మం రంగు పూర్తిగా తిరిగి రాదు. డెకరేషన్ వాళ్లతో మాట్లాడి మండపం మీద మాత్రం వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెల్ల లైట్లు పెట్టించండి. కెమెరా మీద ఎక్కువ ఖర్చు పెట్టడం కన్నా ఈ ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది.

చవక ఎల్‌ఈడీలతో మరో చిక్కు ఉంది. మన కరెంటు సెకనుకి 50 సైకిల్స్, ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు చొప్పున ఆ లైట్లు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. తలంబ్రాల బియ్యం గాలిలో ఆగినట్టు కనబడాలంటే షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరిచి మూసే వేగం, సెకనులో 500వ వంతన్నా ఉండాలి. అంత వేగంలో ఫొటో నిండా అడ్డ చారలు పడతాయి. ఫ్లాష్ వేస్తే ఆ చారలు చాలావరకు పోతాయి. అందుకే రాత్రి ముహూర్తమైతే ఫ్లాష్ బాగా వాడటం తెలిసిన ట్రెడిషనల్ మనిషి తప్పనిసరి అంటాను. ఫ్లాష్ అసలే వేయనని గొప్పగా చెప్పే క్యాండిడ్ వాళ్లను రాత్రి పెళ్లికి నమ్మొద్దు.

పగటి ముహూర్తం, అందులోనూ ఇంటి దగ్గర కొబ్బరాకు పందిట్లో పెళ్లంటే డాక్యుమెంటరీకి పండగే. కానీ పందిరి ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలుగా పడి మొహాల మీద మచ్చల్లా కనబడుతుంది. మండపం ఉన్నంత మేర పైన తెల్లగుడ్డ కట్టించండి. ఎర్ర షామియానా వేస్తే కింద అందరూ ఎర్రబడతారు. కొబ్బరితోటలో తీయించుకోవాలనుకుంటే తోట నడిమధ్యన వద్దు, పచ్చటి నీడ మొహం మీద పడుతుంది. తోట అంచున, పొలం వైపు తిరిగి నిలబడితే బాగుంటుంది.

చర్చిలో పెళ్లయితే వెలుతురు సాధారణంగా కిటికీల నుంచి వస్తుంది. పాస్టరుగారు పీఠం దగ్గర తిరగనివ్వకపోవచ్చు. దూరం నుంచి పెద్ద లెన్సుతో నిశ్శబ్దంగా తీసే ఒక్కరు చాలు. గ్రూప్ ఫొటోలు బయట మెట్ల మీద తీసుకోవచ్చు. అన్నవరంలోనో ద్వారకా తిరుమలలోనో చేసుకుంటే, ఒకే ముహూర్తానికి చాలా జంటలు ఉంటాయి, చోటు ఇరుకు. పెద్ద టీమ్ అక్కడ భారమే. గుడి ఆవరణలో ఎక్కడిదాకా కెమెరా తేవచ్చో ముందే కనుక్కోండి.

మీ ఇద్దరి తీరు

చాలా జంటల్లో ఒకరికి కెమెరా ఇష్టం, ఇంకొకరికి కష్టం. ఎక్కువగా పెళ్లికొడుకే బిగుసుకుంటాడు. అలాంటి అబ్బాయిని గడ్డం ఎత్తు, నడుం మీద చేయి వెయ్యి, కళ్లలోకి చూడు అంటే చెమటలు పట్టేస్తాయి. ఆ టెన్షన్ ఫొటోలో కనబడిపోతుంది. వాళ్లకి డాక్యుమెంటరీ మేలు. ఇద్దరికీ తయారవడం, ఫోజులు ఇవ్వడం సరదా అయితే పోర్ట్రెయిట్‌కి మొహమాటపడక్కర్లేదు, అదీ వాళ్ల ఆనందమే.

తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. మీరు పిలవాలనుకున్న ఫొటోగ్రాఫర్‌ని ఒక సాయంత్రం అరగంట రమ్మనండి. సగం సేపు ఫోజులు పెట్టించమనండి, సగం సేపు మీరిద్దరూ గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడవండి. వచ్చిన ఫొటోలు ఇద్దరూ విడివిడిగా చూసి తలో పది ఎంచుకోండి. ఎవరు ఎటువైపు ఉన్నారో తెలిసిపోతుంది. చాలామంది సంతోషంగా వస్తారు, కావాలంటే ఆ అరగంటకి డబ్బులివ్వండి.

మంగళస్నానాల ఫొటోల సంగతి పెళ్లికూతురిని విడిగా అడగాలి. తడిబట్టలతో ఉన్న ఫొటోలు ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అనేది ఆ అమ్మాయి ఇష్టం. ఆ గంటసేపటికి లేడీ ఫొటోగ్రాఫర్ దొరికితే మంచిది.

ప్రీ వెడ్డింగ్ కన్నా వ్రతం మర్నాడు

గోదావరి పక్కన పుట్టి నది దగ్గర ఒక్క ఫొటో అయినా లేకపోతే ఎలా అంటారు. నిజమే. కానీ నెల చూసుకోవాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలువలు కట్టేస్తారు. వైశాఖంలో పెళ్లి పెట్టుకుని కాలువలో పడవ మీద ఫొటోలు కావాలంటే అక్కడ బురద తప్ప నీళ్లుండవు. శ్రావణంలో నదికి వరద, నీళ్లు ఎర్రగా ఉంటాయి. ఆ రంగు కూడా అందమే గానీ ఒడ్డు దగ్గరకు వెళ్లడం ప్రమాదం. కార్తీకంలో సార్వా (తొలి పంట వరి) చేలు బంగారు రంగులో ఉంటాయి. మాఘంలో దాళ్వా నాట్లు పడి ఎటు చూసినా లేత పచ్చ. నన్నడిగితే డెల్టాలో ఫొటోలకి మాఘాన్ని మించిన నెల లేదు. పొద్దు సంగతి కూడా గుర్తుంచుకోండి. మార్గశిరంలో సాయంత్రం అయిదున్నరకే వాలిపోతుంది, మే నెలాఖరులో ఆరున్నర దాకా ఉంటుంది.

దిండి దగ్గర నీళ్లు, అంతర్వేది తీరం, కడియం నర్సరీలు, ధవళేశ్వరం ఆనకట్ట, ఇవన్నీ తెలిసిన చోట్లే. వీటికన్నా మీ సొంత ఊరి చెరువుగట్టు బాగుంటుందని నా నమ్మకం. పడవ ఎక్కితే మాత్రం లైఫ్ జాకెట్ వేసుకునే వెళ్లండి. ఫొటోలో బాగోదని విప్పేయమంటే వినకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గోదావరి వాళ్లు ఎవరూ మరచిపోలేదు.

పెళ్లికి ముందు జంటగా తిరగడం కొన్ని ఇళ్లలో పెద్దలకు ఇష్టం ఉండదు. దాని మీద గొడవలయ్యి, కళ్లు వాచిపోయి షూట్‌కి వచ్చిన అమ్మాయిని నేను చూశాను. నా సలహా, ఆ షూట్‌ని సత్యనారాయణ వ్రతం మర్నాటికి మార్చుకోండి. పెళ్లి అయిపోయి ఉంటుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. చేతుల మీద గోరింటాకు ఇంకా పండే ఉంటుంది. పెళ్లిచీరే కట్టుకోవచ్చు, అద్దె బట్టలు అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి బెరుకు తగ్గి ఉంటుంది. ఆ తేడా ఫొటోలో తెలుస్తుంది.

వీడియో, డ్రోన్, రంగు

సినిమాటిక్ వీడియో నాలుగు నిమిషాల పాటలా వస్తుంది, బాగుంటుంది. కానీ మంత్రాలు, సన్నాయి, అప్పగింతల మాటలు వినబడే పూర్తి వీడియో కూడా ఉండాలి. కువైట్, దుబాయ్‌లో ఉన్న మేనమామల కోసం లైవ్ పెడితే కదలకుండా నిలబెట్టిన కెమెరా ఒకటి చాలు.

డ్రోన్ ముందుగా తగ్గించుకోదగ్గ ఖర్చు. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఇంటి దగ్గర అది ఎగరడమే కష్టం. పెట్టించాలనుకుంటే, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని ఇలా డబ్బులకి నడిపేవాళ్లకి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో తమ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

ఏ స్టైల్ తీసుకున్నా ఎడిటింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పండి: మొహాలు తెల్లగా చేయొద్దని. మన ఎండలో, మన నీళ్లలో పెరిగిన చామనఛాయ మొహాన్ని సున్నం కొట్టినట్టు చేసి ఆల్బమ్‌లో పెడుతున్నారు. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. పసుపు, బొట్టు, కాటుకతో ఆ రంగు ఎంత బాగుంటుందో తీసేవాళ్లకి తెలియాలి. ఒక నమూనా ఫొటో ఎడిట్ చేసి చూపించమనండి.

నేనైతే

ఇంటి దగ్గర పగటి ముహూర్తం, సిగ్గరి జంట అయితే ఒక డాక్యుమెంటరీ మనిషి, ఊళ్లో మొహాలన్నీ తెలిసిన ఒక ట్రెడిషనల్ మనిషి. అంతే, ఇంకెవరూ వద్దు. హాల్లో రాత్రి ముహూర్తమైతే ఫ్లాష్ తెలిసిన ట్రెడిషనల్ మనిషి మీద ఎక్కువ పెట్టి, క్యాండిడ్‌ని బుట్ట నుంచి అప్పగింతల దాకా ఒక్కరికే పరిమితం చేస్తాను. గుడి పెళ్లికి ఒక్కరు. అలంకరణ ఇష్టపడే జంటకి డ్రోన్, ఎల్‌ఈడీ వాల్ ఖర్చు తీసేసి వ్రతం మర్నాటి పోర్ట్రెయిట్‌కి ఇస్తాను. డబ్బు తక్కువగా ఉండి ఒక్కర్నే పెట్టుకోగలిగితే ట్రెడిషనల్ మనిషినే పెట్టుకోండి, కాకపోతే చెప్పకుండా కూడా నాలుగు తీయగలిగిన వాణ్ణి వెతకండి. మన చిన్న ఊళ్లలో అలాంటివాళ్లు ఉన్నారు, పేరు లేదంతే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు బాగున్న యాభై ఫొటోలు చూసి సరిపెట్టుకోవద్దు. మీలాంటి ఇంట్లో, మీ ముహూర్తం లాంటి వేళ తీసిన ఒక పెళ్లి మొత్తం చూపించమనండి. తీసేది ఆ మనిషేనా, వేరేవాళ్లను పంపుతాడా అడగండి. రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి సేవ్ అయ్యే కెమెరానా అడగండి. రా ఫైలు, అంటే ఎడిట్ చేయని అసలు ఫొటో ఫైలు, ఒక్కోటి 25, 30 ఎంబీ ఉంటుంది. నాలుగు వేల ఫొటోలంటే 100 జీబీ పైమాటే, కాబట్టి హార్డ్ డిస్క్ మీరే కొనివ్వండి, రెండు కొనండి. మీ ఫొటోలు వాళ్ల పేజీలో పెట్టాలంటే మిమ్మల్ని అడగాలని కాగితం మీద రాయించుకోండి. ఆల్బమ్ 12×36 సైజు, 40 షీట్లనుకుంటే షీటుకి నాలుగైదు చొప్పున పట్టేది 160 నుంచి 200 ఫొటోలే. ఆ ఎంపిక మీరిద్దరూ కూర్చుని నెల లోపల చేసేయాలి. వాయిదా వేసినవాళ్ల ఆల్బమ్‌లు నా దగ్గర ఇంకా డిస్కుల్లోనే ఉన్నాయి.

గ్రూప్ ఫొటోల జాబితా మాత్రం ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చి వదిలేయకండి. ఇటు పిన్ని ఒకావిడకి, అటు బాబాయి ఒకాయనకి తలో కాపీ ఇవ్వండి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు పంటు కోసం తొందరపడుతున్నారో, ఎవరిని కుర్చీతో సహా తీసుకురావాలో వాళ్లకే తెలుస్తుంది.